కొత్తవాళ్లని మా ఊళ్లోకి తీసుకొచ్చి పరిచయం చెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక వార్త వేశారు. మా దగ్గర టౌన్లో నడుస్తున్న సోషల్ ఇన్నోవేషన్ హబ్‌లోకి, అంటే ఊళ్ల ఇబ్బందులకి ఊరివాళ్లతో కలిసి కొత్త దారి వెతికే కేంద్రంలోకి, కొత్త టీమ్ వచ్చిందని. ఫొటోలో అందరూ వరసగా నిలబడ్డారు, కింద పేర్లు, చదువులు, హోదాలు ఇచ్చారు: ప్రోగ్రామ్ మేనేజర్, కమ్యూనిటీ లీడ్, డిజైన్ ఫెలో, డేటా అసోసియేట్. మంచి మంచి కాలేజీల్లో చదివిన పిల్లలు మన డెల్టాకి వచ్చి పనిచేస్తామంటే నాకు చాలా సంతోషంగా ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ వార్త మొత్తం చదివినా నాకు కావాల్సిన సంగతి దొరకలేదు. వీళ్లలో ఎవరు ఏ పని చూస్తారు, ఏ ఊళ్లు తిరుగుతారు, ఎన్నాళ్లు ఉంటారు, వీళ్లకి ముందున్నవాళ్లు సగంలో వదిలేసి వెళ్లిన పని ఎవరు అందుకుంటారు? ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

నాది రాజోలు పక్క పల్లె. కాస్త వరి చేను, కాస్త కొబ్బరి తోట ఉన్నాయి, మా డ్వాక్రా గ్రామ సంఘం పుస్తకాలు నేనే రాస్తాను. ఊళ్లోకి కొత్తగా ఏ సంస్థ వచ్చినా, ఏ సర్వే వచ్చినా ముందు మా సంఘం దగ్గరికే వస్తారు కాబట్టి ఈ రాకపోకలు దగ్గరుండి చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఇలాంటి కేంద్రాలు పెరుగుతున్నాయి. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది, రాజమహేంద్రవరానికి కూడా దాని కేంద్రం ఒకటి ఇచ్చారు, ఇంటికో పారిశ్రామికవేత్త రావాలని ప్రభుత్వం అంటోంది. అది పెద్ద సంగతి, మంచి సంగతి. నేను చెప్పేది దాని గురించి కాదు. విరాళాలతో, కంపెనీలు సమాజం కోసం ఇచ్చే సీఎస్సార్ డబ్బుతో నడిచే చిన్న హబ్‌ల గురించి. తాగునీరు, ముంపు, ఆడవాళ్ల ఉపాధి, కౌలు రైతుల ఇబ్బందులు, ఇలాంటివి తీసుకుని ఊరివాళ్లతో కలిసి కొత్త దారి వెతుకుతామని వచ్చేవి అవే. వాటికి జీవం మనుషులే. మిషన్లు పాడైతే బాగుచేయించుకోవచ్చు, తెలిసిన మనిషి వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

మా ఊళ్లో జరిగింది చెప్తాను. హబ్ పేరు రాయను, ఎవర్నీ తప్పుపట్టాలని కాదు. రెండు మూడేళ్ల కిందట ఒకమ్మాయి ఫెలోగా, అంటే కొంత గడువుకి పనిచెయ్యడానికి, వచ్చింది. వచ్చిన మొదటి నెల ఏమీ చెప్పలేదు, ఏమీ మొదలుపెట్టలేదు, మాతో పాటు తిరిగింది అంతే. తర్వాత మా సంఘంలో ఆడవాళ్లకి టీడీఎస్ మీటర్లు, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించేవి, ఇచ్చి, ఏ బోరులో నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో వారం వారం చూసి రాయమంది. లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి మంచిదని, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారని మాకు చెప్పింది ఆ పిల్లే. పుస్తకంలో గడులు గీసింది. ఏ బోరు, ఎంత లోతు, కాలువలో నీళ్లు ఉన్నాయా కట్టేశారా, ఆ రోజు అమావాస్య పోటా పౌర్ణమి పోటా, మొగ (నీరు సముద్రంలో కలిసే చోటు) తెరుచుకుని ఉందా పూడిపోయిందా, పక్కన చేపలు, రొయ్యల చెరువుల్లో నీళ్లు డ్రెయిన్‌లోకి, అంటే మురుగుకాలువలోకి, వదిలారా. ఈ చివరి మూడు గడులూ ఆవిడకి తట్టినవి కావు, మా ఆడవాళ్లే అడిగి గీయించారు. సముద్రం ఎగదన్నే రోజు ఏదో, డ్రెయిన్‌లో నీటి రంగు ఎప్పుడు మారుతుందో వాళ్లకి పుట్టినప్పటి నుంచి తెలుసు కదండీ. ఒక దాళ్వా (రెండో పంట), ఒక వేసవి గడిచేసరికి పుస్తకంలో ఒక దారి కనపడటం మొదలైంది. కాలువలు కట్టేసిన రోజుల్లో డ్రెయిన్ పక్క బోర్లు ముందు చెడుతున్నాయి, మంచినీటి చెరువు గట్టు పక్కవి ఆలస్యంగా చెడుతున్నాయి. అంటే ఆ చెరువు ముందే నిండా నింపుకుంటే కొన్ని బోర్లయినా నిలబడతాయేమోనని అనుకున్నాం. అనుకున్నాం అంతే, తేల్చుకోవాలంటే ఇంకో ఏడాది కొలవాలి.

ఇంతలో ఆ అమ్మాయి గడువు అయిపోయింది. ఏడ్చి మరీ వెళ్లింది. పుస్తకాల ఫొటోలన్నీ తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చానంది. కొన్నాళ్లకి కొత్తవాళ్లు వచ్చారు, టాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ ప్రశ్నలు మొదలెట్టారు. ఇంట్లో ఎంతమంది, తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, మరుగుదొడ్డి ఉందా, స్మార్ట్‌ఫోన్ ఉందా. మా సంఘంలో ఒకావిడ ఉండబట్టలేక అడిగేసింది: "ఏమ్మా, ఇవన్నీ పోయినేడు వచ్చిన పాపకి చెప్పాం కదా, మీకు చెప్పలేదా?" వాళ్లలో ఒక అబ్బాయి మర్యాదగానే, "లేదండీ, ఆవిడ ఫైల్స్ ఏవీ మాకు రాలేదండీ" అన్నాడు. నీళ్లు కొలిచిన సంగతే వాళ్లకి తెలీదు. ఆ మాట విన్నాక మా ఆడవాళ్లు మీటర్లు తీసి లోపల పెట్టేశారు. మళ్లీ పట్టుకోమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు, ఎందుకంటే వాళ్లు పొద్దున్నే నాట్లకి వెళ్లి, సాయంత్రం వచ్చి, అన్నం వండుకునే లోపు మీటరు పట్టుకుని బోర్ల చుట్టూ తిరిగినవాళ్లు, రూపాయి తీసుకోకుండా తిరిగినవాళ్లు.

ఇది ఆ పిల్లల తప్పు కాదని నాకు తెలుసు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి, ఆ డబ్బు ఏ ఏడుకి ఆ ఏడు లెక్క తేలుతుంది, దాంతో ఉద్యోగాలు కూడా ఏడాది ఏడాదికి ఉంటాయి. మార్చితో వాళ్ల లెక్క ముగుస్తుంది. మా దాళ్వా చేను మార్చికి ఇంకా పొట్టతోనో, గింజ పాలు పోసుకుంటూనో ఉంటుంది. అసలు కష్టం, అంటే కాలువలు కట్టేశాక వచ్చే తాగునీటి కష్టం, ఏప్రిల్ తర్వాతే మొదలవుతుంది. సరిగ్గా అప్పటికి పాతవాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు ఇంకా రారు. గడువుల్ని జూన్ నుంచి జూన్‌కి మార్చుకుంటే, అంటే కాలువలకి నీళ్లు వదిలినప్పటి నుంచి మళ్లీ వదిలే దాకా పెట్టుకుంటే, ఒక మనిషి ఒక సార్వా (మొదటి పంట), ఒక దాళ్వా, ఒక వేసవి పూర్తిగా చూస్తాడు. దీనికి డబ్బేమీ ఎక్కువ అక్కర్లేదు, తేదీ మార్చాలి అంతే.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కొత్త టీమ్‌ని పరిచయం చెయ్యడం టౌన్లో ఏసీ హాల్లో కాదు, పనిచేసే ఊళ్లో చెయ్యండి. చేసేది డైరెక్టర్ గారు కాదు, వెళ్లిపోతున్న మనిషి చెయ్యాలి. ఇంటికి కొత్త కోడలొస్తే అత్తగారు పేరంటానికి వెంటబెట్టుకెళ్లి, ఈవిడ మీ పిన్నమ్మ వరస, ఈవిడ దగ్గర పాలు పోయించుకుంటాం, ఈ ఇంట్లో ఏ కష్టమొచ్చినా మనం వెళ్లాలి అని చెప్పి చూపిస్తుంది కదా, అలాగ. పాత ఫెలో కొత్త ఫెలోని వెంటబెట్టుకుని, ఫలానా బోరు దగ్గర ఇంతవరకు రాశాం, కాలువ నీళ్లు చూసే ఫలానా లస్కరు గారిని అడిగితే లాకులు (కాలువ గేట్లు) ఎప్పుడు ఎత్తుతారో చెప్తారు, ఫలానా ఇంటికి మాట ఇచ్చాం ఇంకా తీర్చలేదు అని మా ముందే చెప్పాలి. ఆ తీర్చని మాటల చిట్టా చాలా ముఖ్యమండీ. ఊరు గుర్తుపెట్టుకునేది అదే. పాతవాళ్లు ఇచ్చిన మాట కొత్తవాళ్లకి తెలీకపోతే మాకు సంస్థ మీదే నమ్మకం పోతుంది, మనిషి మీద కాదు. పుస్తకం ఒక కాపీ ఊళ్లోనే ఉండాలి, సంఘం బీరువాలో. ఆఫీసుకి ఫొటోలు వెళ్తే వెళ్లాయి, అసలు పుస్తకం మాది.

ఇంకో సంగతి, టీమ్‌లో ఎవరుండాలి అనేది. ఆ ఫొటోలో ఉన్నవాళ్లలో డెల్టా వాళ్లు ఎంతమందో నాకు తెలీదు, వార్తలో రాయలేదు. బయటివాళ్లు వద్దని నేను ఎప్పుడూ అనను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది కాటన్ దొరే, 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేశారు. కానీ పక్కన వీణెం వీరన్న గారు లేకపోతే అన్ని వేలమంది కూలీల్ని ఎవరు కూడగట్టేవారు, ఎవరు వాళ్లతో మాట్లాడి పని నడిపించేవారు? కాటన్ గారి బొమ్మ మన ఊరూరా ఉంటుంది, వీరన్న గారిని గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ. ఇప్పటి హబ్‌లలో కూడా అంతే. ఊళ్లో తిరిగి మనుషుల్ని పిలుచుకొచ్చే అమ్మాయిని వాలంటీర్ అంటారు, ఆమె ఫొటో ఉండదు, జీతం అంతకన్నా ఉండదు. నీళ్లు కొలిచిన మా ఆడవాళ్లలో ఒక్కరినైనా టీమ్ మెంబరుగా, నెల జీతంతో తీసుకుని ఉంటే ఆ పని సగంలో ఆగేది కాదు, ఎందుకంటే ఆవిడ ఎక్కడికీ వెళ్లదు కదా.

పల్లె పిల్లలకి చేతకాదనుకోవడం కూడా సరికాదు. దాదాపు ఇరవై ఏళ్ల కిందటే బైర్రాజు ఫౌండేషన్ వాళ్లు గ్రామ్ ఐటీ అని పెట్టి జల్లికాకినాడ, ఈతకోట లాంటి ఊళ్లలో పిల్లలకి శిక్షణ ఇచ్చి, బీపీఓ పని, అంటే వేరే కంపెనీల ఆఫీసు పని, ఊళ్లోనే కూర్చుని చేయించారు. అప్పుడు ఇంటర్నెట్టే సరిగ్గా లేదు. ఇప్పుడు మా ఊళ్లో బీటెక్ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టలేక వెనక్కొచ్చినవాళ్లు ఎంతోమంది. డేటా అసోసియేట్ పని వాళ్లు చెయ్యలేరా?

మన దగ్గరే ఇలా పనిచేసిన సంస్థలు ఉన్నాయి, ఎక్కడో వెతకక్కర్లేదు. మార్టేరు వరి పరిశోధన స్థానం చూడండి. 1982లో విడుదలైన స్వర్ణ, ఎంటీయూ 7029, మన డెల్టా దాటి ఎన్ని రాష్ట్రాలకి వెళ్లిందో రైతులందరికీ తెలుసు. వాళ్లు కొత్త రకం తయారు చెయ్యగానే ఇదిగో వేసుకోండి అని చెప్పరు, కాస్త విత్తనం చిరుసంచుల్లో ఇచ్చి రైతు చేలో వేయిస్తారు, గాలికి పడిపోతోందా, ముంపుకి తట్టుకుంటోందా, దోమ పడుతోందా, అన్నం బాగుందా లేదా అని రైతునే అడుగుతారు. అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానం అయితే మా కళ్లముందు సంగతి. 2016 తర్వాత కొబ్బరి మీద తెల్లదోమ వచ్చి ఆకుల నిండా మసి పట్టేసి, మట్టలు నల్లబడిపోతే మేం చెట్టు మీద మందు కొట్టలేక బెంగపడ్డాం. మిత్ర పురుగుల్ని, ఆ దోమని చంపే శిలీంధ్రాన్ని పెంచి తోటలకి ఇచ్చింది వాళ్లే. అక్కడ సైంటిస్టులు మారుతుంటారు, బదిలీలు అవుతుంటాయి, అయినా ఏ తోటలో ఏం వదిలారో రాసిన రికార్డు మాత్రం స్థానంలోనే ఉంటుంది. హబ్‌ల వాళ్లు ఒక్కసారి ఈ రెండు చోట్లకీ తమ కొత్త పిల్లల్ని తీసుకెళ్లి చూపించాలని నా మనవి.

కౌలు రైతుల సంగతి విడిగా చెప్పాలి. మా వైపు పొలం పేరు ఒకరిది, చేను చేసేది ఇంకొకరు. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులన్నారు, 2019లో సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కు) కార్డులన్నారు, ఆ కార్డుకి యజమాని సంతకం కావాల్సి వచ్చింది కాబట్టి చాలామందికి రాలేదు. అదే 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు, డ్రెయిన్లు పూడిపోయి ముంపు, పైగా ధర లేదు, కూలీలు లేరు అని. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. అంత పెద్ద సంగతి జరిగిన చోటుకి రైతుల సమస్య తెలుసుకుంటామని వచ్చే కొత్త టీమ్, పాస్ పుస్తకం ఉన్నవాళ్ల జాబితా పట్టుకుని వస్తే ఏం లాభం? చేలో ఉన్న మనిషి ఆ జాబితాలో ఉండడు. కొత్తగా వచ్చినవాళ్లకి మొదట పరిచయం చెయ్యాల్సింది కౌలుదారుల్ని, లస్కర్లని, 2024 డిసెంబరులో ఎన్నికైన నీటి సంఘాల వాళ్లని. మా వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరి చెట్లు ఎలా మోడువారిపోయాయో ఆ గట్టు మీద నడిపించి చూపించండి. డ్రెయిన్‌లో గుర్రపు డెక్క ఎంత దట్టంగా ఉందో చూస్తే నీరెందుకు లాగదో ఎవరూ చెప్పక్కర్లేదు.

మార్కెటింగ్ చూస్తానని వచ్చినవాళ్లకి కూడా ఇదే మాట. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సరుకే అనే గుర్తింపు, వచ్చింది, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది. చాలా గర్వంగా ఉంది. కానీ లేసు అల్లే ఆవిడకి డజనుకి ఎంత ఇస్తారో, దారం ఎవరిస్తారో, మధ్యలో ఎంతమంది చేతులు మారుతుందో తెలుసుకోవాలంటే ఎక్స్‌పోర్టర్ ఆఫీసులో కూర్చుంటే తెలీదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద అల్లుతూ కూర్చునే ఆడవాళ్ల పక్కన కూర్చోవాలి. వాళ్లు చేతులు ఆపకుండా మాట్లాడతారు, అన్నీ చెప్తారు. కానీ మొదటి రోజే ఫోన్ తీసి వీడియో తియ్యకండి, దానికి చాలామంది ఇబ్బంది పడతారు, ఇంట్లో మగవాళ్లు చూస్తే ఏమంటారో అని టెన్షన్ పడతారు.

ఎప్పుడు రావాలో కూడా చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది ఎవరూ అడగరు. నాట్లప్పుడు, కోతలప్పుడు మీటింగ్ పెట్టకండి, వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి పోతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం, పనలు చేలో ఉంటే మనసు ఇక్కడ ఉండదు. జూలై, ఆగస్టుల్లో వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో జనం సామాన్లు అటకలకెక్కించి పడవల్లో బయటికొచ్చారు. అప్పుడు రమ్మంటాను నిజానికి, మీటింగ్‌కి కాదు, సాయానికి. ఆ వారం లంకలో ఉన్న మనిషిని ఊరు జన్మలో మర్చిపోదు, మళ్లీ పరిచయం చెయ్యక్కర్లేదు. మీటింగ్‌లకి సంక్రాంతి దాటాక దాళ్వా నాట్లు ముగిసిన రోజులు బాగుంటాయి, సాయంత్రం ఆరు తర్వాత, రామకోవెల దగ్గరో స్కూల్లోనో. అయితే కోవెల అరుగు ఎక్కడానికి ఇప్పటికీ వెనకాడేవాళ్లు ఉన్నారు, ఆ సంగతి తెలిసి స్కూలే ఎంచుకోండి. తర్వాత దళితుల పేటలోకి కూడా వెళ్లి అక్కడ ఇంకోసారి కూర్చోండి. ఒకేచోట పెట్టి అందరూ వచ్చారని రాసుకుంటే సగం ఊరు రానట్టే.

ఆ ఫొటోలో నవ్వుతూ నిలబడిన పిల్లలకి ఒక మాట. మీరు పొరపాట్లు చేస్తారని మాకు భయం లేదు. తెలుగు సరిగ్గా రాకపోయినా పర్వాలేదు, మా యాస మీకూ, మీ మాట మాకూ నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. తెలీనిది తెలీదని చెప్పండి, వెళ్లిపోయేటప్పుడు చెప్పి వెళ్లండి, మీ తర్వాత వచ్చేవాళ్లని మీరే తీసుకొచ్చి చూపించండి. మా ఆడవాళ్ల దగ్గర మీటర్లు ఇంకా ఉన్నాయి, బ్యాటరీలు వేస్తే పనిచేస్తాయి. మళ్లీ కొలుద్దామని నేనే అడుగుతాను, మీలో ఒకరు పక్కన ఉంటే. మా దగ్గరున్న పుస్తకంలో పేజీలు జిరాక్స్ తీయించి ఇస్తాం. ఈ ఏడు మంచినీటి చెరువు నింపేలోపు వస్తే బాగుంటుంది, ఆ తర్వాత అయితే మళ్లీ ఏడాది ఆగాలి.

సంపాదకులు గారూ, మీ పేపరు మా ఊళ్లో టీ కొట్టు దగ్గర పది చేతులు మారుతుంది. ఇకమీదట ఏ హబ్ నుంచైనా కొత్త టీమ్ వచ్చిందని ప్రకటన పంపితే మీ విలేకరి మూడు సంగతులు అడిగి రాయాలని కోరుతున్నాను. ఏ ఊళ్లలో ఏ పని, ఎప్పటిదాకా, పాత పని ఎవరికి అప్పగించారు. చదువులు, హోదాలు తర్వాత రాసినా ఫర్వాలేదు. ఏడాది తర్వాత అదే ఫొటో పట్టుకుని వెళ్లి వీళ్లలో ఎంతమంది ఉన్నారు, మొదలుపెట్టిన పని ఎంతవరకు వచ్చింది అని ఇంకో వార్త వేస్తే ఇంకా మంచిది. పోయిన వారం వార్తలో హబ్ ఆఫీసు ఫోన్ నంబరు కూడా లేదు, దయచేసి ఈ ఉత్తరం వేసినప్పుడు పక్కన ఆ నంబరు ఇవ్వండి.

ఇట్లు,
ఒక మహిళా రైతు, గ్రామ సంఘం సభ్యురాలు,
రాజోలు ప్రాంతం, కోనసీమ